గోపయ్య మోసిన మాటలు

పొద్దున చాయ్ పొంగు వచ్చేలోపల కౌసల్య నోట్లో ఒక మాట కూడా పొంగు వచ్చేది. అది పక్కింటికి పోవాల్సిన మాట. పక్కింట్లో ఉండేది ఆమె యారాలు బీరమ్మ, పెనిమిటి గోపయ్యకు అన్న అయిన బుచ్చయ్య భార్య. కౌసల్య ఒక చేత్తో గ్లాసు అందిస్తూ, ఇంకో చేత్తో కొంగు దోపుకుంటూ, "ఆమెకు చెప్పు" అని మొదలుపెట్టేది. గోపయ్య తువ్వాల భుజాన వేసుకుని, గ్లాసు పట్టుకుని పోయి, రెండిళ్ళ నడుమ ఉన్న దర్వాజ గడప మీద కూర్చునేవాడు. చాయ్ అయిపోయేసరికి ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరేవి. ఆ తర్వాతనే మక్తల్ మార్కెట్ యార్డులో సంచులు కాంటా పెట్టే పనికి సైకిల్ తీసేవాడు.

గోపయ్య పోయి ఐదు నెలలైంది. చాయ్ ఇప్పుడూ పొంగుతుంది, మాటా పొంగుతుంది. గ్లాసు మాత్రం ఒక్కటే. కౌసల్య ఆ మాటను చాయ్‌తో పాటే మింగి, గ్లాసు కడిగి బోర్లిస్తుంది.

అత్త పెత్తనం నడిచినంతకాలం ఆ రెండిళ్ళూ ఒక్కటే ఇల్లు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు నడుమ రాతిగోడ లేచింది. గోడలో దర్వాజ ఉండాలని పట్టుబట్టింది అత్తే. ఆమె ఇసుర్రాయి కూడా ఎవరి పాలుకూ పోలేదు. అది ఉన్నది కౌసల్య వసారాలో, సరిగ్గా గడప పక్కన. అయినా ఇద్దరిదీ. బీరమ్మ తోడు తెచ్చుకుని ఇసురుకునే పూట కౌసల్య అంగడికి పోయేది, కౌసల్య ఇసురుకునే పూట బీరమ్మ తలుపు ఓరగా వేసుకునేది.

అట్లా ఎందుకంటే వాళ్ళిద్దరికీ మాట బందు. తెలంగాణ వచ్చిన ఏడే అత్త పోయింది. పదో దినం నాడు, చుట్టాలందరూ విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా, బీరమ్మ వడ్డిస్తూ వడ్డిస్తూ నువ్వు ఆఖరుకు గుక్కెడు నీళ్ళు కూడా పొయ్యలేదన్నది. నువ్వు మంచం దగ్గరికే రాలేదని కౌసల్య అన్నది. అందులో నిజమెంతో పోయిన అత్తకే తెలియాలి. ఆనాటి నుంచి ఒకరి మొహం చూసి ఒకరు మాట్లాడింది లేదు.

మాట బందైన ఇళ్ళల్లో మాటలుండవని అనుకోకూడదు. ఆ గేరిలో ఏ ఇంటి ముందు ఆగి అడిగినా చెప్తారు. కోడితో అంటారు, బర్రెతో అంటారు, కడిగే గిన్నెతో అంటారు. వినాల్సినవాళ్ళు గోడ అవతల వింటారు. బీరమ్మ అట్లా కోళ్ళతో అనేది. కౌసల్యకు కోళ్ళు లేవు, గోపయ్య ఉన్నాడు.

కౌసల్య బయట నెమ్మదైన మనిషి. నలుగురిలో గొంతెత్తి ఎరుగదు. ఆమెకున్న కోపమంతా చాయ్ వేళకే. ఒకసారి బీరమ్మ కోళ్ళు వాకిలంతా పెంట పెట్టినై. పెంచ శాతగాకుంటే కోసుకొని తినమను, నా వాకిలి ఆమెకు పెంటకుప్ప లెక్క కనవడ్తుందా అని పంపింది. మరునాడు కోళ్ళు గంప కింద ఉన్నాయి. సాయంత్రానికి గిన్నెడు కోడిగుడ్ల పులుసు, దాంతోపాటు ఒక సీసాలో ఏదో ఆకు కాచిన నూనె, గడప దాటి వచ్చాయి. పులుసు ఎందుకొచ్చిందో కౌసల్యకు అర్థమైంది గానీ నూనె ఎందుకొచ్చిందో అర్థం కాలేదు. భయపడ్డ మనిషి చేతికి దొరికింది పంపుతుందిలే అనుకుంది.

"చూసినవా, గట్టిగ చెప్తె గట్లుంటది" అన్నది పెనిమిటితో.

"అవును మల్ల" అని గోపయ్య తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు.

ఇంకోసారి బీరమ్మ ఇంట్లో టీవీ మోత. ఆమెకు చెవుడా, గేరి మొత్తం ఆమె సీరియల్ వినాల్నా అని పంపింది. ఆ పూట నుంచే మోత తగ్గింది, మళ్ళీ పెరగలేదు. ఇట్లా పదకొండేళ్ళు. కౌసల్యకు తన నోటి మీద ఒక నమ్మకం ఏర్పడింది. నా మాటంటే ఆమెకు హడల్ అని ఎప్పుడైనా కూతురు మనీషతో కూడా అనేది. రాయచూరులో కాపురముంటున్న మనీష, నువ్వా అమ్మా, నిన్ను జూసి ఎవలు భయపడ్తరు అని నవ్వేది.

గోపయ్య పోయిన నాడు బీరమ్మ దర్వాజ దాటి వచ్చింది. కౌసల్య మెడ మీద పడి శోకం తీసింది. శోకంలో అన్నది మాట కిందికి రాదని అక్కడి ఆనవాయితీ. అది పోయినవాళ్ళతో చెప్పుకునేదే గానీ ఉన్నవాళ్ళతో కాదు కదా. "సల్లటి మాటలు మోసుకొస్తివి మరిదీ, నా యారాలి మనసు నా గడప మీద పెడ్తివి మరిదీ, ఇగ ఎవ్వలు తెస్తరు మరిదీ" అని రాగం తీసి ఏడ్చింది. కౌసల్య ఆ ఏడుపులో అది విన్నది, పట్టించుకోలేదు. శోకంలో పిసినారిని కూడా దానకర్ణుడంటారు. పదో దినం దాటాక బీరమ్మ తన గడపలోకి పోయింది. మళ్ళీ కోళ్ళతో మాట్లాడడం మొదలుపెట్టింది. ఈసారి ఆ మాటల్లో కౌసల్యకు తగిలేది ఏమీ లేదు.

మాఘమాసం వచ్చింది. వాళ్ళ చెల్క పొలం కౌలుకు చేస్తున్నాయన సంచెడు కందులు తెచ్చి వసారాలో దించి పోయాడు. గోపయ్యకు గిర్నీలో పట్టిన పప్పు పనికి రాదు. ఉడుకుతది గానీ వాసన రాదు అనేవాడు. అందుకని ఏటా ఎర్రమట్టి నీళ్ళు పట్టించి, నాలుగు దినాలు ఎండబెట్టి, ఇసుర్రాయిలోనే పప్పు చేసేవారు. ఆ రాయి ఒక్క మనిషికి లొంగేది కాదు. ఎదురుబొదురు కూర్చుని ఇద్దరు పిడి పట్టాలి. యారాలితో మాట బందు గనుక ఎదురుగా గోపయ్యే కూర్చునేవాడు. మగోడు ఇసుర్రాయి పట్టుడేందని గేరిలో నవ్వితే, పప్పు మగోడు తినడా అనేవాడు.

ఇప్పుడు తినేది తానొక్కతే. గిర్నీకి పంపితే గంటలో పని అయిపోతుంది. కౌసల్యకు మనసొప్పలేదు. కందులకు మట్టి పట్టించింది. పది గంటల ఎండ బాగా పడేది దర్వాజ దగ్గరే. అక్కడ పాత చీర పరిచి ఆరబోసింది. ముందుగా ఆరిన పిడికెడు రాతి నోట్లో వేసి ఒక్కతే తిప్పి చూసింది. రాయి సగం తిరిగి, మొండి బర్రెలాగా ఆగిపోయింది. రెండు చేతులు పెట్టి గుంజితే భుజం కలుక్కుమంది. లేచి లోపలికి పోయి మొహం కడుక్కుని వచ్చేసరికి, గడప కింది సందు నుంచి నీళ్ళు వస్తున్నాయి. గిన్నెలు తోమిన బూడిద నీళ్ళు. చీర ఒక పక్క మొత్తం తడిసి, కందుల ఎర్రమట్టి కరిగి పారుతోంది. అవతల గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.

కౌసల్య తడిసినవి ఒక పక్కకు, తడవనివి ఒక పక్కకు తీసింది. ఏమీ అనలేదు. అనడానికి చాయ్ వేళా కాదు, గోపయ్యా లేడు. ఆ మాట మధ్యాహ్నం దాకా గొంతులోనే ఉంది.

మధ్యాహ్నం అజీజా బేగం వచ్చింది. పాత బట్టలతో బొంతలు కుట్టే మనిషి ఆమె. ఆ గేరిలో ఆమె కుట్టిన బొంత లేని ఇల్లు లేదు. గోపయ్య బట్టల్లో చాకలికి ఇవ్వకుండా దాచుకున్న పంచలు నాలుగు కౌసల్య ఆమె చేతికిచ్చింది. వాటిని పరిచి, చుట్టూ పాత చీర అంచు పెట్టి, వసారాలోనే కూర్చుని కుడుతుంది. ఆ పూట నాలుగు వరసలు కుట్టేదాకా కౌసల్య పక్కనే కూర్చుని చూసింది.

"అజీజక్కా, ఆ ఇంటికి పోతవా?" అన్నది ఆఖరుకు.

"పోత. వాళ్ళది గుడ ఒక బొంత ఉన్నది."

"ఒక మాట చెప్పాలె." కౌసల్య గోడ వైపు చూసి, చాయ్ వేళ ఎట్లా చెప్పేదో అట్లాగే చెప్పింది. "నీకు కండ్లు లేవా, నువ్వు కావాల్ననే నీళ్ళు ఇడిసినవు. నీ మరిది ఉన్నన్ని దినాలు నోరు మూసుకున్నవు, ఆయన పోంగనే నా మీదికి వస్తున్నవు. నీ గుణం గిదే. గిట్ల చెప్పు."

అజీజా బేగం సూదిని గుడ్డలో గుచ్చి ఆపింది. "గిట్లనే చెప్పాల్నా, జర తగ్గియ్యాల్నా?"

"గిట్లనే."

అజీజా బేగంకు ఒక నేమం ఉంది. ఎవరైనా మాట అప్పగిస్తే అది అమానత్, దాచమని ఇచ్చిన సొమ్ములాంటిది. ఒక పోగు కలపదు, ఒక పోగు తీయదు. సరే అని దారం తెంపి, బొంత మడిచి, దర్వాజ దాటి పోయింది.

కౌసల్యకు ప్రాణం తేలికైంది. ఐదు నెలల తర్వాత మొదటిసారి కడుపు నిండా తిన్నది. రేపు నీళ్ళు ఆగుతాయి, ఎల్లుండి లోపల ఏదో ఒక గిన్నె వస్తుంది అనుకుంది. వచ్చిన గిన్నె ఖాళీగా పంపకూడదని, డబ్బాలో సకినాలు ఎన్ని మిగిలాయో కూడా చూసింది.

నీళ్ళు ఆగాయి. గిన్నె రాలేదు. కోళ్ళతో మాట కూడా వినపడలేదు. మూడో నాడు పొద్దున గోడ అవతల ఇటుకలు దించుతున్న చప్పుడు వినబడింది. బుచ్చయ్య గొంతు, ఇంకెవరిదో గొంతు, దర్వాజ వెడల్పు ఎంత, మందం ఎంత అని మాట్లాడుకుంటున్నాయి. సోమవారం మేస్త్రీ వస్తాడట.

బొంత ముగించడానికి వచ్చిన అజీజా బేగంను కౌసల్య చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఏం చెప్పినవని అడిగింది.

"నువ్వు ఇచ్చిందే ఇచ్చిన. గీ మాట నా యారాలు అన్నదా అని మూడు మార్లు అడిగింది. మూడు మార్లు అవునన్న. ఇగ ఏడ్సుకుంట చెప్పుకున్నది."

ఆమె ఎందుకు ఏడుస్తుందని కౌసల్య అడిగింది. గంతకంటే పెద్ద మాటలు పదకొండేళ్ళు పంపినా ఏడవని మనిషి. అజీజా బేగం ఆమె మొహం వైపు వింతగా చూసింది. ఆ తర్వాత బీరమ్మ చెప్పినదంతా, తన నేమం ప్రకారం, పోగు తీయకుండా చెప్పింది. కౌసల్య నోట ఇట్లాంటి మాట ఒక్కనాడు రాలేదట. ఎదురుపడి మాట్లాడకపోయినా ఎంత నెమ్మదిగా, ఎంత మర్యాదగా చెప్పి పంపేదట. కోళ్ళ గొడవప్పుడు గోపయ్య గడప మీద కూర్చుని, వదినె, మా ఇంటామెకు నడుము పట్టింది, వంగి ఊడ్సుడు శాతనైత లేదు అన్నాడట. అయ్యో అని బీరమ్మ కోళ్ళు మూసేసి, నడుముకు రాసుకోమని ఉమ్మెత్తాకు నూనె కాచి పంపిందట. టీవీ సంగతికి, మా ఇంటామెకు తలనొప్పి, కండ్లు మూత పడ్తలేవు అన్నాడట. పాపమని ఆనాటి నుంచి బీరమ్మ చప్పుడు లేకుండా బొమ్మలు మాత్రమే చూస్తోందట. అంత మంచిగ ఉన్న మనిషి మొగడు పోంగనే మారింది, గీ దర్వాజ ఆమె కోసమే తెరిచి ఉంచిన, ఇగ ఎందుకు అన్నదట.

అజీజా బేగం పోయాక కౌసల్య గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చుంది. సీసాలో వచ్చిన నూనె ఎందుకొచ్చిందో ఇన్నేళ్ళ తర్వాత తెలిసింది.

ముందు కోపమే వచ్చింది. గోడ మీది ఫోటో వైపు చూసి, ఎంత పని చేసినవయ్యా, పదకొండేండ్లు నన్ను పిచ్చిదాన్ని చేసినవు అన్నది. ఫోటోలో గోపయ్య తువ్వాల భుజాన వేసుకుని, అవును మల్ల అన్నట్టే ఉన్నాడు. అబద్ధాలకోరు అందామనుకుంది. నోరు రాలేదు. ఎందుకంటే కోళ్ళ గొడవ జరిగిన ఆ వారమంతా తన నడుము నిజంగానే పట్టి ఉండింది. టీవీ మోతప్పుడు తల నిజంగానే పగిలిపోయేది. ఆ సంగతి తాను పెనిమిటికి కూడా చెప్పలేదు. వాకిట్లో నడుము మీద చేయి పెట్టుకుని లేవడం ఆయన చూసి ఉంటాడు. తలకు గుడ్డ కట్టుకుని పొయ్యి దగ్గర కూర్చోవడం చూసి ఉంటాడు. తాను ఆయన చేతిలో పెట్టింది ఎదుటిమనిషి తప్పు. ఆయన దాన్ని గడప ఇవతలే దించేసి, తన నొప్పి ఒక్కటే అవతలికి తీసుకుపోయాడు.

ఇప్పుడు అట్లా చూసే మనిషి లేడు. ఆ సంగతి తట్టాక, గోపయ్య పోయిన నాడు రానంత ఏడుపు వచ్చింది. శోకం కాదు, రాగం లేదు. కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది.

ఆదివారం పొద్దున చాయ్ పెట్టి, పొంగు వచ్చేలోపల, ఆయన చెప్పినట్టు తాను చెప్పగలదా అని చూసింది. నాకు, అని మొదలుపెట్టింది. అంతకు మించి రాలేదు. తన పుట్టుకలోనే ఆ మాట లేదేమో అనిపించింది. ఆకలైతే, నువ్వు తినవా అనేది. కాళ్ళు పీకితే, నీకు కూసోబుద్ధి అయితలేదా అనేది. మనీష మీద ప్రాణం కొట్టుకుంటే ఫోన్ చేసి, నీకు మేము యాదికుంటమా, నువ్వు పెద్ద మనిషివైనవు అనేది. మనీష, పని ఉన్నదమ్మా అని పెట్టేసేది. ఆ పిల్లకు తన మాట మోసేవాళ్ళు ఎవరూ లేరు, నేరుగా చెవిలోకే పోయేది. అది గుర్తొచ్చేసరికి చాయ్ పొంగి పొయ్యి మీద పోయింది.

ఆ దినమంతా పని చేసుకుంటూ మనసులో అనుకుంటూనే ఉంది. బియ్యం ఏరుతూ ఒకటి అనుకుంది, అది నువ్వు అనే మాటతోనే మొదలైంది. నీళ్ళు పడుతూ ఇంకొకటి అనుకుంది, అదీ అంతే. పొద్దుగూకే వేళ తడిసిన కందులకు మళ్ళీ మట్టి పట్టించి, ఎండినవి గంపకెత్తి, రాయి పక్కన పెట్టింది. పిడి మీద చేయి వేసి సగం చుట్టు తిప్పి ఆగిపోయింది. అప్పుడొక మాట దొరికింది.

సోమవారం బుచ్చయ్య మేస్త్రీని పిలుచుకురావడానికి బస్టాండు వైపు పోయాడు. బీరమ్మ దర్వాజ అవతల కూర్చుని ఇటుకల మీద నీళ్ళు చల్లుతోంది. కౌసల్య వచ్చి గడప ఇవతల నిలబడింది. బీరమ్మ తలెత్తలేదు. పక్కన గింజలు ఏరుకుంటున్న కోడితో అన్నది:

"ఏమే ఎర్రదానా, గడపకాడ ఎవలో నిలవడ్డరు. తిట్టుడు ఏమన్న మిగిలిందేమో అడుగు."

కౌసల్య నాలుక మీదికి నువ్వు అనే మాటే వచ్చింది. గుటక వేసింది.

"అక్కా, నాకు ఒక్క చెయ్యితోని ఇసుర్రాయి తిరుగుత లేదు."

పదకొండేళ్ళ తర్వాత ఆమె నోట వచ్చిన అక్క అనే పిలుపు అది. బీరమ్మ చేతిలో చెంబు ఉన్నచోటే ఉండిపోయింది. కాసేపటికి, "కోడికి చెప్తున్నవా, నాకు చెప్తున్నవా?" అన్నది.

"నీకే." కౌసల్య గడప కొయ్య పట్టుకుంది. ఒకసారి మొదలయ్యాక ఆపడం తెలియలేదు. "పొద్దుగాల చాయ్ పెడ్తె మాట వస్తది. చెప్పనీకె ఎవ్వలు లేరు. మింగుతున్న. దర్వాజ గుడ మూస్తె నేను గోడకు చెప్పుకోవాలె. నాకు భయమైతాంది."

"మొన్న పంపిన మాట?"

"గది నేనే అన్న. అజీజక్క కల్పలే."

"ఎరుకే. అజీజ కల్పదు." బీరమ్మ చెంబు కింద పెట్టింది. ఇంకా కోడి వైపే చూస్తూ అన్నది. "నువ్వన్నది నిజమే. నీళ్ళు నీ కందులల్లకు పోతుంటె నేను సూశిన. లేసి ఆపబుద్ధి కాలే. ఐదు నెలలు గా ఇంటికెల్లి నాకు ఒక్క మాట రాలే. నా ఇంటికెల్లి నీళ్ళన్న పోనీ అనుకున్న."

కౌసల్య వేసిన నింద నిజమే అయింది. అయినా గెలిచినట్టు అనిపించలేదు. బీరమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది. ఇటుకలు దాటి, గడప దాటి వచ్చి, ఇసుర్రాయికి అటు పక్క కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"పిడి పట్టు" అన్నది.

మొదటి పది చుట్లు చేతులు కలవలేదు. ఒకరు లాగేటప్పుడు ఇంకొకరూ లాగారు. తర్వాత కుదిరింది. రాయి గుర్రుగుర్రుమంటూ తిరిగింది, చుట్టూ పప్పు బద్దలు ఎర్రటి దుమ్ముతో రాలాయి. చేతులు కుదిరాక మాటలూ కుదిరాయి. నడుము నొప్పి సంగతి నిజమేనా అని బీరమ్మ అడిగింది. నొప్పి నిజమే గానీ చెప్పింది నేను కాదని కౌసల్య ఒప్పుకుంది. కోళ్ళ గురించి తాను అన్నదేమిటో కూడా ఉన్నదున్నట్టు చెప్పింది. బీరమ్మ చుట్టు ఆపి, వీటినా కోసుకొని తినమన్నది అన్నట్టు ఎర్రకోడి వైపు చూసి మూతి బిగించింది. ఆ తర్వాత తన సంగతి బయటపెట్టింది. పులుసు పంపిన నాడు తాను గోపయ్యతో అన్నది వేరే. దానికి గుడ్లంటే పానం, గిదన్న తింటె నడుము నడుము అని మూలుగుడు రెండు దినాలు ఆపుతదేమో పెట్టు అన్నదట.

"నాకు వచ్చి ఏం చెప్పిండో తెల్సా?" అన్నది కౌసల్య. "వదినెకు గుడ్లు వండంగనే నువ్వు యాదికొచ్చినవట అన్నడు."

బీరమ్మకు నవ్వొచ్చింది. ఆపుకోబోయి పొలమారింది. కౌసల్య నీళ్ళ చెంబు అందించింది. పొద్దంతా సంచులు తూకం పెట్టినోడు, మన మాటలల్ల ఎన్ని తాలు గింజలు ఏరి పారేసిండో అని బీరమ్మ అన్నది. ఆ మీదట ఇద్దరూ ఎర్రమట్టి దుమ్ము కళ్ళల్లో పడ్డదని చెరొక కొంగుతో తుడుచుకున్నారు.

ఇంకో సంగతి కూడా ఆ వేళే బయటపడింది. బీరమ్మ గిన్నెల నీళ్ళు ఇన్నేళ్ళూ అటు మురుగు మోరిలోకే పోయేవి. ఈ నడుమ మోరి పూడి ఇటు మళ్ళాయి. ఆదివారం ఆదివారం దాన్ని కట్టె పెట్టి తీసేది గోపయ్యే అని, ఆ ఇంట్లో బుచ్చయ్యకు కూడా తెలియదు.

మాటల్లోనే బుచ్చయ్య మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చి దర్వాజలో నిలబడ్డాడు. ఇసుర్రాయికి అటొకరు ఇటొకరు కూర్చున్న ఆడవాళ్ళను చూసి, నోట్లోని మాట నోట్లోనే పెట్టుకుని, మేస్త్రీ వచ్చిండు అని మాత్రం అన్నాడు.

"గీ పప్పు అయినంక చెప్త" అన్నది బీరమ్మ, చేయి ఆపకుండానే. "ఆయనకింత చాయ్ పోసి పంపు. నువ్వు గంతదాంక ఆ మోరి తియ్యి."

మేస్త్రీ చాయ్ తాగి, రేపు వస్తానని పోయాడు. బుచ్చయ్య కట్టె వెతుక్కున్నాడు.

పొద్దు వాలేసరికి గంప అడుగు కనబడింది. ఒక తవ్వెడు కందులు మిగిలాయి, ఎక్కువుంటే అరగంట పని. బీరమ్మ పిడికిలి నింపుకోవడానికి చేయి చాపింది. కౌసల్య గంపను తన వైపు జరుపుకుంది.

"నాకు చెయ్యి గుంజుతాంది అక్కా."

చేయి గుంజుతున్న మాట నిజమే. కాకపోతే ఆ కాస్త ఇసురలేనంత కాదు. బీరమ్మ ఆ చేతిని చూసింది, గంపను చూసింది, దర్వాజ అవతల నీళ్ళు ఆరిపోతున్న ఇటుకలను చూసింది.

"గీ తవ్వెడు కోసం రేపు మల్ల వచ్చి కూసోవాల్నా?"

"కూసోవాలె."

"అయితే పొద్దుగాల వస్త. చాయ్ నీదే" అని బీరమ్మ చీర దులుపుకుని లేచి, గడప దాటింది. తలుపు వేయలేదు.

కౌసల్య పప్పు చెరిగి డబ్బాకెత్తింది. రాయి చుట్టూ రాలిన ఎర్ర దుమ్మును ఊడవలేదు. గంపలో మిగిలిన కందుల మీద చాట బోర్లించి, రాయి పక్కన అట్లాగే వదిలేసింది.